డెక్కు బాబాయ్ జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో మాటల మధ్య ఒక సంగతి రాశాను. 1986 నుంచి 2006 దాకా జగ్గయ్యపేటలో వీడియో షాపు నడిపానని, అందులో సగానికి పైగా దొంగ క్యాసెట్లేనని. ఆ తర్వాత పదకొండేళ్ళు అదే ఊళ్ళో ఒక సినిమా హాలుకి మేనేజరుగా చేశానని కూడా రాశాను. రెండో మాట ఎవరూ పట్టించుకోలేదు. మొదటి మాటకి మాత్రం సంచీడు ఉత్తరాలొచ్చాయి. తిట్టినవాళ్ళున్నారు, మెచ్చుకున్నవాళ్ళున్నారు, అప్పట్లో నా దగ్గర క్యాసెట్ తీసుకుని తిరిగివ్వని ఒకాయన ఇప్పుడు క్షమాపణ కూడా చెప్పారు. (ఆలస్య రుసుము లెక్కేస్తే ఇల్లు కట్టుకోవచ్చు, వదిలేశాను.) అందుకని ఈ నెల ప్రశ్నలు చాలావరకు ఈ సంగతి మీదే.

బాబాయ్ గారూ, మా హాస్టల్లో నలుగురం కలిసి టెలిగ్రామ్‌లో వచ్చిన కొత్త సినిమాలు ల్యాప్‌టాప్‌లో చూస్తాం. నలుగురం మల్టీప్లెక్స్‌కి వెళితే టికెట్లు, ఆటో, పాప్‌కార్న్ కలిపి వెయ్యి దాటిపోతుంది. మేం చూడకపోయినంత మాత్రాన ఆ లింకు ఆగదు కదా! దొంగ క్యాసెట్లు అద్దెకిచ్చిన మీరే చెప్పండి, ఇది తప్పేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

నాన్నా, "మేం చూడకపోయినా ఆగదు కదా" అన్నావే, ఆ మాట నీకంటే ముందు నేనన్నాను. ఎవరితో అన్నానో చెబుతా విను.

1996 ప్రాంతం. శుక్రవారం సినిమా పడితే బుధవారానికల్లా విజయవాడ నుంచి ఆర్టీసీ బస్సులో నాకు పార్సిల్ వచ్చేది. పాత పేపర్లో చుట్టి, పైన "మందులు" అని రాసి ఉండేది. లోపల కెమెరా ప్రింటు. ఎవడో హాల్లో కూర్చుని తీసింది. తెర ఒక పక్కకి ఒరిగి ఉండేది. ఇంటర్వెల్‌కి కాస్త ముందు ఒకాయన లేచి బయటికెళ్తాడు, ఆయన తలకాయ హీరో మొహం మీంచి మెల్లగా నడుచుకుంటూ పోతుంది. పాటల్లో ఈలలు మనం వేయక్కర్లేదు, అందులోనే వచ్చేవి. అయినా రాత్రికి పది రూపాయలిచ్చి పట్టుకెళ్ళేవాళ్ళు. పెళ్ళివారికైతే టీవీ, డెక్కు (క్యాసెట్లు వేసే వీడియో మిషను), మూడు క్యాసెట్లు కలిపి నూట యాభై. డెక్కుని ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో తీసుకెళ్ళి, వైర్లు బిగించి, ట్రాకింగ్ సరిచేసి, బొమ్మ నిలబడ్డాక అక్కడే విస్తరి వేయించుకుని వచ్చేవాణ్ణి. ఈ పేరు అలా వచ్చిందే.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం హాలు దగ్గర సైకిల్ స్టాండు నడిపే ఆయన మా షాపుకొచ్చాడు. ఆ స్టాండు ఏడాదికింతని వేలంలో పాడుకున్నది. సైకిళ్ళొచ్చినా రాకపోయినా పాట డబ్బు కట్టాల్సిందే. గొడవకొచ్చాడేమో అనుకుని నేను గల్లాపెట్టె మూశాను. ఆయన గొడవేం పడలేదు. చేతిలో సైకిల్ టోకెన్ల గుత్తి ఉంది, రేకు ముక్కలకి నంబర్లు కొట్టి తీగకి గుచ్చిన గుత్తి. దాన్ని కౌంటరు మీద పెట్టాడు. "బాబూ, నిన్న ఫస్ట్ షోకి ఇందులో ఇరవై కూడా బయటికెళ్ళలేదు. ఆ క్యాసెట్టు ఒక్క వారం ఆపుతావా?" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "నేను ఆపితే మాత్రం, పక్కవీధి షాపువాడు ఇవ్వడా?"

ఆయన టోకెన్లు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను క్యాసెట్ ఆపలేదు.

కాబట్టి తప్పే నాన్నా. అయితే నీ తప్పూ నా తప్పూ ఒక తూకంవి కావు. నువ్వు నీ డబ్బు మిగుల్చుకున్నావు. నేను ఇంకొకడి సరుకు మీద సంపాదించాను. నీకు ఆ లింకు పంపినవాడు నా వంశం వాడు. తిట్టదలిచినవాళ్ళు ముందు మమ్మల్ని తిట్టాలి, హాస్టల్ పిల్లల్ని కాదు. అలాగని నువ్వు సుద్దపూసవని కూడా అననులే. నా షాపు నడిచింది నీలాంటి వాళ్ళ పది రూపాయలతోనే. ఇప్పుడు ఆ పది కూడా అడగరు, నీ ఫోనులోకి దారి అడుగుతారు.

వెయ్యి రూపాయల లెక్కకొద్దాం. నలుగురూ మల్టీప్లెక్స్‌కే ఎందుకెళ్ళాలి? మీ కాకినాడలో మామూలు హాళ్ళు లేవా? కింది తరగతి టికెట్టు వంద దాటని చోటుంటే అక్కడికి పొండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 5 శాతమే, వంద దాటితే 18. పాప్‌కార్న్ కొనమని ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. బయటి తిండి ఆపే హక్కు హాలువాళ్ళకుందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాల్సిందేనని కూడా చెప్పింది. నీళ్ళు తాగి సినిమా చూసి రండి, మెస్సులో అన్నం ఎలాగూ ఉంటుంది. అదీ కుదరదంటే నెల ఆగితే చాలా సినిమాలు ఓటీటీకి వస్తున్నాయి. ఆగలేకపోవడం ఒక్కటే నీ కష్టమైతే, దానికి నా దగ్గర మందు లేదు.

మా అబ్బాయి ఇంటర్. కొత్త సినిమాకి వెళితే హీరో ఎంట్రీ, క్లైమాక్స్ ఫోన్లో తీసి స్టేటస్ పెడతాడు. "అందరూ పెడుతున్నారమ్మా" అంటాడు. ఏమైనా ఇబ్బందా?
– ఒక తల్లి, కరీంనగర్

ఇబ్బందేనమ్మా. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. హాల్లో సినిమాని గానీ, అందులో కొంత భాగాన్ని గానీ దొంగ కాపీ చేసే ఉద్దేశంతో రికార్డు చేస్తే కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా. ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళ దాకా జైలు, జరిమానా అయితే సినిమా తీసిన ఖర్చులో 5 శాతం దాకా పోవచ్చు. స్టేటస్ పెట్టిన ప్రతి కుర్రాణ్ణీ పట్టుకుపోరు, నిజమే. కానీ "కొంత భాగం" అన్న మాట చట్టంలో ఉంది, అది మీ వాడికి చదివి వినిపించండి.

ఇంకో సంగతి కూడా చెప్పండి. ఇప్పుడు హాల్లో పడే డిజిటల్ బొమ్మలో కంటికి కనిపించని గుర్తులుంటాయి. బయటికొచ్చిన వీడియో చూసి అది ఏ హాలు, ఏ రోజు, ఏ ఆట అన్నది పట్టేస్తారు. నేను మేనేజరుగా ఉన్నప్పుడు మాకు బొమ్మ పంపేవాళ్ళు ముందే చెప్పేవాళ్ళు, జాగ్రత్తగా ఉండమని. పిల్లవాడు సరదాకి తీస్తే ఆ రాత్రి నిద్ర లేకుండా కూర్చునేది హాలు మేనేజరు. నేను టార్చిలైటు పట్టుకుని వరసల మధ్య తిరిగేవాణ్ణి, ఫోను వెలుగు కనబడితే భుజం తట్టి "లోపల పెట్టు నాన్నా" అనేవాణ్ణి. నా గతం తెలిసినవాళ్ళు వెనకనుంచి నవ్వేవాళ్ళు.

2013లో "అత్తారింటికి దారేది" విడుదలకు ముందే సగం బయటికొచ్చేసింది. అయినా పెద్ద హిట్టు. 2018లో "టాక్సీవాలా" కూడా ముందే లీకై ఆడింది. మరి పైరసీ వల్ల నష్టం అనేది నిర్మాతలు చెప్పే కథేనా?
– సినిమా అభిమాని, నల్గొండ

లెక్క బాగానే తీశారు. అత్తారింటికి దారేది సంగతి నాకు బాగా గుర్తు. సమైక్యాంధ్ర ఉద్యమం వల్ల అప్పటికే వాయిదా పడి అక్టోబరు 9న వద్దామనుకున్న సినిమా. సెప్టెంబరులో మా కృష్ణా జిల్లా పెడనలో సీడీలు బయటపడ్డాయి. గంటన్నర బొమ్మ. వెంటనే తేదీ ముందుకి జరిపి సెప్టెంబరు 27నే వేసేశారు. ఆ సీడీలో ఉన్నది సగమే, మిగతా సగం కోసం జనం హాలుకి రావాల్సిందే. దానికి తోడు అభిమానులకి పట్టుదలొచ్చింది. మా హాల్లో ఆ వారం ఒకే కుర్రాడు మూడు ఆటలకి మూడు టికెట్లు తీసుకోవడం నా కళ్ళతో చూశాను. "మనోడి సినిమాకే ఇలా చేస్తారా" అని.

కానీ అన్నా, యుద్ధం నుంచి బతికొచ్చినవాడే కదా ఊళ్ళో కథ చెప్పేది. రానివాళ్ళ కథ ఎవరు చెబుతారు?

మా హాల్లో ఒక చిన్న సినిమా వేశాం. పేరు చెప్పను, చెప్పినా మీకు తెలియదు. శనివారం మార్నింగ్ షోకి ఆ దర్శకుడే హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, భుజాన బ్యాగు. లోపల పదకొండు మంది. ఆయన పన్నెండోవాడు, టికెట్ కొనుక్కుని మరీ కూర్చున్నాడు. ఇంటర్వెల్లో బయట టీ బడ్డీ దగ్గర నిలబడ్డాం. బల్ల మీద ఇద్దరు కుర్రాళ్ళు ఒకే ఫోనుకి చెరో ఇయర్‌ఫోను పెట్టుకుని సినిమా చూస్తున్నారు. ఆయన సినిమానే. తెరకీ ఆ బల్లకీ మధ్య ఒక్క గోడ అడ్డం. ఆయన వాళ్ళని ఏమీ అనలేదు. వాళ్ళు ఎక్కడ నవ్వుతున్నారో చూస్తూ టీ చల్లారేదాకా అక్కడే నిలబడ్డాడు. "సెకండాఫ్‌లో ఒక చోట నవ్వాలి సార్, నవ్వుతారో లేదో" అన్నాడు నాతో. సోమవారానికి ఆ సినిమా తీసేశాం. హాలు అద్దె కూడా రాలేదు. లీకు లేకపోతే ఆడేదా అంటే నేను చెప్పలేను, సినిమా మరీ అంత గొప్పగా కూడా లేదు. కానీ ఆ ఇద్దరూ లోపలుంటే పద్నాలుగు మంది అయ్యేవాళ్ళు.

దొంగ సినిమాల సైటు ఐబొమ్మ నడుపుతున్నాడని 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఒకతన్ని పట్టుకుంటే, జనంలో సగంమంది అతన్నే హీరో అన్నారు. మీరేమంటారు?
– బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

కేసు కోర్టులో తేలాలి, అతని గురించి నేను తీర్పు చెప్పను. జనం ఎందుకలా అన్నారో మాత్రం నాకు అర్థమవుతుంది. పెద్ద సినిమా వచ్చిందంటే మొదటి వారం టికెట్ రేటు పెంచుకోమని ప్రభుత్వాలే జీవోలిస్తాయి. కుటుంబంతో వెళ్ళొస్తే నెల బడ్జెట్ తలకిందులు. ఆ కోపం ఎక్కడో ఒకచోట బయటపడాలి, ఇలా పడింది. సినిమావాళ్ళు ఆ కోపాన్ని "దొంగలు" అని కొట్టిపారేస్తే పొరపాటే.

అయితే రేట్లు తగ్గిస్తే దొంగ లింకులు వాటంతటవే పోతాయన్న మాట నేను నమ్మను. ఆంధ్రాలో 2021 ఏప్రిల్ జీవో మీకు గుర్తుండే ఉంటుంది. పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో కింది తరగతి టికెట్ ఐదు రూపాయలు. అప్పట్లో టీ పది రూపాయలు! 2022 మార్చిలో మళ్ళీ పెంచారు. ఆ రోజుల్లోనూ లింకులు నిక్షేపంగా నడిచాయి. ఐదు రూపాయలకన్నా సున్నా తక్కువే కదా మరి.

ఇక "ఉచితంగా ఇచ్చాడు, దేవుడు" అనడం నాకు నవ్వొస్తుంది. నేనూ ఊరికి సినిమా చూపించాను, నన్నూ పిలిచి భోజనం పెట్టారు. దానధర్మం చేశానా? గల్లాపెట్టె ఉందిగా. ఇలాంటి సైట్లలో సినిమా మధ్య వచ్చే బెట్టింగ్ యాప్ ప్రకటనలు మీరు చూసే ఉంటారు. వాటి డబ్బు ఎవరికి పోతుంది? వాటిలో పడి జీతం పోగొట్టుకున్న కుర్రాళ్ళు మీ బ్యాంకుకే పర్సనల్ లోన్ కోసం వస్తూ ఉంటారు. కౌంటరు దగ్గర అడిగి చూడండి.

మూడు ఓటీటీలకి డబ్బు కడుతున్నాం. దాచుకుని తీరిగ్గా చూద్దామనుకున్న సినిమా ఒకరోజు మాయమైపోయింది. ఇంకోటి, మా ఆడపడుచు వాళ్ళకి మా పాస్‌వర్డ్ ఇచ్చాం. అదీ దొంగతనమేనా?
– గృహిణి, సత్తెనపల్లి

సినిమా మాయమవడం అంటే, మీరు కట్టింది అద్దె తల్లీ, కొనుగోలు కాదు. వాళ్ళకీ హక్కులు కొన్నేళ్ళకే ఉంటాయి, గడువు తీరితే తీసేస్తారు. ఆ సంగతి డబ్బు కట్టించుకునేటప్పుడు పెద్ద అక్షరాల్లో చెప్పరు, అది వాళ్ళ తప్పు. పాస్‌వర్డ్ విషయం వాళ్ళ నిబంధనల్లో చూసుకోండి, చాలావరకు ఒకే ఇంట్లోవాళ్ళకే అంటారు. ఆడపడుచు ఒకే ఇంటి మనిషి అవునా కాదా అన్నది నేను తేల్చను. అందులో వేలుపెట్టి బాగుపడ్డవాడు లేడు.

మాది డాలస్. మా అమ్మగారికి ఇష్టమైన పాత సినిమాలు చాలావరకు ఏ ఓటీటీలోనూ లేవు, డీవీడీలు దొరకవు. ఎవరో అభిమాని ఎక్కించిన అరిగిపోయిన ప్రింటు డౌన్‌లోడ్ చేసి చూపిస్తున్నాను. నాకు గిల్టీగా ఉంటుంది.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, టెక్సస్

ముందు చట్టం సంగతి. మన దేశంలో సినిమా మీద కాపీరైటు, విడుదలైన ఏడాది దాటాక అరవై ఏళ్ళు. 1957లో వచ్చిన "మాయాబజార్" తీసుకోండి. 2017 డిసెంబరు 31తో ఆ గడువు అయిపోయింది. 1951 "పాతాళభైరవి" అంతకంటే ముందే. అంటే మన ఎన్టీఆర్, ఏఎన్నార్ తొలి రోజుల సినిమాలు ఏడాదికి కొన్ని చొప్పున అందరివీ అవుతున్నాయి. ఇదంతా ఇండియా లెక్క, మీరున్న చోట లెక్కలు వేరే. తర్వాత ఎవరైనా డబ్బు పెట్టి శుభ్రం చేసిన ప్రింటు, రంగులద్దిన ప్రింటు అయితే దాని సంగతి మళ్ళీ వేరు.

మరి గడువు తీరనివీ, ఎక్కడా అమ్మకానికి లేనివీ? చట్టం ఒప్పుకోదు. కానీ నన్నడిగితే మీ అమ్మగారి ముందు ఆ సినిమా పెట్టినందుకు మీరు తలదించుకోనక్కర్లేదు. డబ్బు తీసుకోవడానికి ఎదురుగా ఒక్కడైనా ఉండాలి కదా! ఏ కొట్టులోనూ లేని సరుకుని కొనలేదని మిమ్మల్ని ఎలా తప్పుపట్టను? రేపు ఎవరైనా సరైన ప్రింటు అమ్మకానికి పెడితే కొనండి, ఆ పూట ఈ ఫైలు తీసేయండి.

నాకు ఇంత మెత్తదనం ఎందుకంటే, మనవాళ్ళు సినిమాల్ని దాచుకున్న తీరు నాకు తెలుసు కాబట్టి. తెలుగులో మొట్టమొదటి టాకీ 1932 నాటి "భక్త ప్రహ్లాద" ప్రింటు ఇవాళ ఒక్కటీ లేదు. పాత ఫిల్ములు నిప్పంటుకునే రకం, కొన్ని కాలిపోయాయి, కొన్ని గోదాముల్లో బంకలా అతుక్కుపోయాయి. హక్కులున్నవాళ్ళకే శ్రద్ధ లేకపోతే, దాచింది ఎవరు? శనివారం సాయంత్రం దూరదర్శన్‌లో వచ్చిన సినిమాని డెక్కులో రికార్డు చేసుకున్న నాలాంటి వాళ్ళు.

2011లో ఒకతను ఖమ్మం నుంచి వెతుక్కుంటూ మా ఇంటికొచ్చాడు. వాళ్ళ నాన్నగారు నాటకాలాయన, ఒకే ఒక్క సినిమాలో కరణం వేషం వేశారట, రెండు నిమిషాలు. ఆయన ఫొటో ఉంది గానీ గొంతు ఎక్కడా లేదు. ఆ సినిమా నా దగ్గర ఉంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లగా బూజు. దూది, స్పిరిట్ పెట్టి చేత్తో టేపు తిప్పుకుంటూ తుడవడానికి మధ్యాహ్నమంతా పట్టింది. వేశాం. బొమ్మ గీతలు గీతలుగా వచ్చింది, మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. "దస్తావేజు తెచ్చావుటయ్యా?" అన్న ఒక్క మాట. అతను దాన్ని సెల్‌ఫోన్లో రికార్డు చేసుకున్నాడు, నాలుగైదు సార్లు వెనక్కి తిప్పమన్నాడు. అది కూడా దొంగ కాపీయే మరి, చట్టం ప్రకారం.

ఈ టీవీ సీరియళ్ళ గురించి మీ అభిప్రాయం? వెయ్యి ఎపిసోడ్లు దాటినా అత్తకి కోడలు అర్థం కాదేమండీ?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమండ్రి

మాస్టారూ, మా ఆవిడ పక్కనే కూర్చుని ఇది చదువుతోంది, కాబట్టి సీరియళ్ళు బాగుంటాయి. నాకు వాటి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, గుమ్మంలో ఒక మనిషి అడుగుపెడితే ఇంట్లో ఉన్న ఎనిమిది మంది మొహాలూ మూడేసి సార్లు చూపిస్తారు. డెక్కు ఉంటే ఫార్వర్డ్ కొట్టేవాణ్ణి.

టీవీ మా వ్యాపారాన్ని ఎంత దెబ్బ కొట్టిందో చెప్పనా? 1987లో రామాయణం మొదలైనప్పుడు నా షాపుకి ఏడాది. ఆదివారం పొద్దున ఒక్క క్యాసెట్ కదిలేది కాదు. నేనే షాపు మూసి, ఎదురింట్లో చెప్పులు విప్పి, నేల మీద కూర్చుని చూసేవాణ్ణి. టీవీకి దండ వేసి ఉండేది.

బాబాయ్, మీ షాపు పాత క్యాసెట్లు ఇంకా ఉన్నాయా? నేను పాత వస్తువులు సేకరిస్తాను. మంచి ధరకి కొంటాను.
– సేకరణకర్త, హైదరాబాద్

నలభై రెండు మిగిలాయి. అట్టపెట్టెలో వేపాకు వేసి అటక మీద పెట్టాను. కొన్నిటి మీద మా చెల్లెలు చేతిరాతతో రాసిన పేర్లున్నాయి, "ఫైట్లు బాగుంటాయి", "ఏడుపు" అని గుర్తులతో సహా. అమ్మమంటున్నారు, కానీ అవి నావైతే కదా అమ్మడానికి! ఇరవై ఏళ్ళు అద్దెకిచ్చాను, అది చాలు. చూడాలనుకుంటే రండి, కాఫీ ఇస్తాను.

కాకపోతే ఒక చిక్కుంది. డెక్కులో రబ్బరు బెల్టు కరిగి జిగురైపోయింది, క్యాసెట్ లోపలికి తీసుకుంటుంది గానీ తిప్పడం లేదు. విజయవాడలో నాలుగు షాపులు తిరిగాను, బెల్టు లేదన్నారు. మీ హైదరాబాద్‌లో ఎక్కడైనా దొరికితే వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురండి. డబ్బు ఇచ్చేస్తాను.